తెలుగు మీదుగా ఫ్రెంచికి: ఇంగ్లిష్ జంట క్రియలు, జాతీయాలు పిల్లలకు పట్టుబడే దారి



మీ పిల్లల స్కూల్ డైరీ ఒకసారి తెరిచి చూడండి. 'హ్యాండ్ ఇన్', 'ఫిల్ అప్', 'డ్రాప్ ఆఫ్', 'పిక్ అప్', 'క్యాచ్ అప్', 'బ్రష్ అప్'... ఒక్క పేజీలోనే ఇలాంటివి రెండు మూడు కనిపిస్తాయి. విడివిడిగా చూస్తే అన్నీ చిన్న మాటలే, ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసినవే. రెండూ కలిస్తే మాత్రం అర్థం వేరే దారి పడుతుంది. 'హ్యాండ్' అంటే చెయ్యి, 'ఇన్' అంటే లోపల. కానీ 'హ్యాండ్ ఇన్' అంటే చెయ్యి లోపల పెట్టడం కాదు, నోట్‌బుక్ టీచర్‌కు అప్పగించడం. 'మీ బాబు మ్యాథ్స్‌లో పిక్ అప్ అవుతున్నాడు' అని టీచర్ రాస్తే బాబును ఎవరో తీసుకెళ్తున్నారని కాదు, బాబు పుంజుకుంటున్నాడని.

ఇంగ్లిష్ వ్యాకరణంలో వీటిని ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. ఈ వ్యాసంలో సులువుగా 'జంట క్రియలు' అందాం. వీటికి తోడు 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' లాంటి జాతీయాలు ఉంటాయి. ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి దగ్గరే. అదే ఇంగ్లిష్ వాక్యాన్ని మూడో భాషలోకి, ముఖ్యంగా ఫ్రెంచిలోకి మార్చాల్సి వస్తే తడబాటు రెట్టింపవుతుంది.

ఈ నెల ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు, హిందీ, సంస్కృతం, ఉర్దూతో పాటు ఫ్రెంచి తీసుకునే వీలు కూడా ఉంది. 'ఫ్రెంచి తీసుకుంటే మార్కులు బాగా వస్తాయట కదా, మా పిల్లకు ఇప్పిద్దామా?' అని టెన్త్ పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. వెంటనే ఇంకో మాట కూడా అంటారు: 'మేం తెలుగు మీడియంలో చదువుకున్నోళ్లం. ఇంగ్లిషే అంతంత మాత్రం. ఇక ఫ్రెంచిలో ఏం సాయం చేస్తాం?'

ఈ రెండో మాటకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మీరు చేయగల సాయం చాలా ఉంది. దానికి ఇంగ్లిష్ గానీ ఫ్రెంచి గానీ రావాల్సిన పని లేదు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగు చాలు.

అసలు చిక్కు ఎక్కడుంది?

ఇంగ్లిష్‌లో 'పుట్' అనే మాట తీసుకోండి. పెట్టడం అని పిల్లలు నేర్చుకుంటారు. 'ఆఫ్', 'ఆన్', 'అవుట్', 'అప్' కూడా నేర్చుకుంటారు. ఇప్పుడు ఈ వరుస చూడండి.

పుట్ ఆన్: వేసుకోవడం, తొడుక్కోవడం.
పుట్ ఆఫ్: వాయిదా వేయడం.
పుట్ అవుట్: మంట ఆర్పడం.
పుట్ అప్ విత్: ఓర్చుకోవడం, సర్దుకుపోవడం.

నాలుగింటిలోనూ 'పుట్' ఉంది, కానీ ఒక్కదానిలోనూ 'పెట్టడం' లేదు. మాటకు మాట మార్చే పిల్లవాడు 'మీటింగ్ పుట్ ఆఫ్ చేశారు' అన్నదాన్ని ఫ్రెంచిలోకి తిప్పేటప్పుడు డిక్షనరీలో 'పుట్' వెతుకుతాడు. 'మెత్ర్' అని దొరుకుతుంది. తర్వాత 'ఆఫ్' వెతుకుతాడు. రెండూ అతికించి రాస్తాడు. చదివే ఫ్రెంచివాళ్లకు అందులో ఏమీ అర్థం కాదు. అక్కడ రాయాల్సింది ఒకే మాట, 'రపోర్తే', అంటే వాయిదా వేయడం.

ఫ్రెంచిలో జంట క్రియలు ఇంగ్లిష్‌లో ఉన్నట్టు ఉండవు. ఇంగ్లిష్ రెండు మూడు ముక్కల్లో చెప్పేదాన్ని ఫ్రెంచి చాలాసార్లు ఒక్క క్రియతో చెప్పేస్తుంది. అందుకని ముక్కలు విడదీసి వెతికితే లాభం లేదు. మొత్తం మాటకు భావం ఏమిటో ముందు తెలియాలి. ఆ భావం పిల్లవాడికి ఏ భాషలో గట్టిగా తెలుసు? ఇంట్లో మాట్లాడే భాషలోనే.

మన క్రియలు మాత్రం తక్కువ తిన్నాయా?

'ఇంగ్లిష్ ఇంత గజిబిజిగా ఉందేమిటి?' అని పిల్లలు విసుక్కుంటే మన 'కొట్టు' అనే మాట చూపించండి. చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, కొబ్బరికాయ కొడతాం, డప్పు కొడతాం. సినిమా బోర్ కొడుతుంది. కూర మాడితే వాసన కొడుతుంది. బడికి డుమ్మా కొడతాం. ఇన్నింటిలో నిజంగా దెబ్బ తగిలేవి ఎన్ని?

'పెట్టు' కూడా అంతే. అన్నం పెడతాం, పేరు పెడతాం, సంతకం పెడతాం, ఖర్చు పెడతాం, ఆఫీసులో సెలవు పెడతాం. 'కనిపెట్టడం' అన్న మాటను విడదీస్తే 'కని', అంటే చూసి, 'పెట్టడం' అని వస్తుంది. కానీ దానర్థం కొత్త విషయం తెలుసుకోవడం. ఇంగ్లిష్‌లో 'ఫైండ్ అవుట్' అన్నట్టే. అదే 'నానమ్మను కనిపెట్టుకుని ఉండు' అంటే అర్థం మారిపోయి 'లుక్ ఆఫ్టర్' అవుతుంది. ఈ తేడాను మన పిల్లలకు ఎవరూ నేర్పలేదు. విని విని వాళ్లకే పట్టుబడింది.

జంట క్రియ అంటే ఏమిటో మన పిల్లలకు లోపల ముందే తెలుసు. తెలిసిన సంగతి తెలుసని వాళ్లకు గుర్తు చేయాలి, అంతే. 'కనిపెట్టు' అన్న మాటను ముక్కలు చేసి ఇంగ్లిష్‌లోకి మారుస్తావా అని అడగండి. 'మార్చను' అంటారు. మరి 'ఫైండ్ అవుట్'ను ఎందుకు ముక్కలు చేస్తున్నావు అని అడగండి. విషయం అక్కడే తెలిసిపోతుంది.

రైలు ఎక్కడం, రైలు దిగడం

మన పిల్లలకు కలిసొచ్చే ముచ్చట ఇప్పుడు చెప్తాం. కదలికల విషయంలో ఫ్రెంచి వాక్యం ఇంగ్లిష్ కంటే తెలుగుకే దగ్గరగా నడుస్తుంది.

జనగామలో రైలు ఎక్కి కాజీపేటలో దిగామనుకోండి. ఇంగ్లిష్‌లో 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్' అంటారు. రెండింటికీ క్రియ ఒకటే, 'గెట్'. ఎక్కామా దిగామా అన్నది పక్కనున్న చిన్న మాట చెప్పాలి. తెలుగులో 'ఎక్కు', 'దిగు' అని రెండు వేర్వేరు క్రియలు. ఫ్రెంచిలోనూ రెండు వేర్వేరు క్రియలే: ఎక్కడానికి 'మోఁతే', దిగడానికి 'దెసాఁద్ర్'. (ముక్కుతో పలికే ఫ్రెంచి ధ్వనులకు ఇక్కడ మన అరసున్న వాడుతున్నాం.) లోపలికి పోవడం 'ఆఁత్రే', బయటికి రావడం 'సోర్తీర్', దాటడం 'త్రవెర్సే'. ఇంగ్లిష్‌లో ఇవే 'గో ఇన్', 'గో అవుట్', 'గో అక్రాస్' అని 'గో'కు తోకలు తగిలించుకుని వస్తాయి.

ఇంకాస్త పెద్ద వాక్యం చూద్దాం. 'ది బాయ్ రాన్ అక్రాస్ ది రోడ్.' దీన్ని తెలుగులో ఎలా చెప్తాం? 'పిల్లవాడు పరుగెత్తుకుంటూ రోడ్డు దాటాడు' అంటాం. ఇంగ్లిష్‌లో అసలు క్రియ 'పరుగు'. దాటడం చిన్న మాటలోకి వెళ్లింది. తెలుగులో అసలు క్రియ 'దాటాడు'. పరుగు పక్కమాట అయింది. ఫ్రెంచిలో ఏమంటారో చూడండి: 'ల గార్సోఁ ఆ త్రవెర్సే లా ర్యూ ఆఁ కురాఁ.' అంటే 'పిల్లవాడు రోడ్డు దాటాడు, పరుగెత్తుకుంటూ'. అచ్చం మన లెక్కే. 'ఈదుకుంటూ వాగు దాటాడు' అన్నా ఇంతే. దాటడమే అసలు క్రియ, ఈత దాని వెంట వచ్చే మాట.

ఇలా క్రియా, చిన్న మాటా స్థానాలు మార్చుకోవడాన్ని ఫ్రెంచి అనువాదకులు 'షాసే క్రొవాజే' అంటారు. 1958లో జాఁ-పోల్ వినే, జాఁ దార్బెల్నే అనే ఇద్దరు భాషావేత్తలు ఇంగ్లిష్, ఫ్రెంచి వాక్యాల నడకను పోలుస్తూ ఒక పుస్తకం రాశారు. అనువాదం నేర్చుకునేవాళ్లు నేటికీ దాన్ని చదువుతున్నారు. ఆ తర్వాత లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషావేత్త ప్రపంచ భాషలను ఈ కోణంలోనే రెండు రకాలుగా విడదీశారు. దారిని, అంటే ఎక్కడం, దిగడం, దాటడం వంటివాటిని అసలు క్రియలోనే చెప్పే భాషలు ఒక రకం. దారిని పక్కనున్న చిన్న మాటతో చెప్పే భాషలు రెండో రకం. ఫ్రెంచి మొదటి రకం, ఇంగ్లిష్ రెండో రకం. పైన చూసిన వాక్యాల్లో మన తెలుగు ఫ్రెంచి పక్కనే నిలబడింది.

అందుకే ఇంగ్లిష్ వాక్యాన్ని నేరుగా ఫ్రెంచిలోకి లాగే పిల్లవాడికి కష్టమయ్యేది, మధ్యలో ఒకసారి తెలుగులో అనుకునే పిల్లవాడికి సులువవుతుంది.

ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో మూడు, ఫ్రెంచిలో మూడు

'గివ్ అప్' అనే జంట క్రియ చూడండి. సిగరెట్లు 'గివ్ అప్' చేశాడంటే 'మానేశాడు'. కష్టమని ప్రయత్నం 'గివ్ అప్' చేశాడంటే 'వదిలేశాడు'. పోలీసులకు దొరికి 'గివ్ అప్' చేశాడంటే 'లొంగిపోయాడు'. ఫ్రెంచిలోనూ ఇవి మూడు వేర్వేరు మాటలే. మానేయడానికి 'అరెతే', వదిలేయడానికి 'అబాఁదొనే', లొంగిపోవడానికి 'స రాఁద్ర్'. తెలుగులో ఏ మాట పడుతుందో తేల్చుకుంటే ఫ్రెంచిలో ఏది ఎంచుకోవాలో సగం తేలిపోయినట్టే.

'టేక్ ఆఫ్' కూడా ఇంతే. చెప్పులు టేక్ ఆఫ్ అంటే 'విప్పడం', ఫ్రెంచిలో 'ఆఁల్వే'. విమానం టేక్ ఆఫ్ అంటే 'గాల్లోకి లేవడం', ఫ్రెంచిలో 'దెకోలే'. ఈ 'దెకోలే' అన్న మాటకు అసలు అర్థం అతికినది ఊడిరావడం. నేలకు అతుక్కున్న విమానం ఊడి లేచిందన్నమాట! పిల్లలకు ఇలాంటి బొమ్మ ఒకటి చెప్తే మాట మర్చిపోరు.

అన్నిసార్లూ తెలుగు ఇలా విడదీసి చూపించదు, అది కూడా చెప్పాలి. మన దిక్కు లైటైనా, నల్లా అయినా, మోటరైనా 'బంద్ చెయ్' అంటాం. ఇంగ్లిష్ 'టర్న్ ఆఫ్' లాగే అన్నింటికీ ఒకటే మాట. ఫ్రెంచిలో లైటుకు 'ఎతేఁద్ర్' (ఆర్పడం), నల్లాకు 'ఫెర్మే' (మూయడం), మోటరుకు 'కుపే' (కోయడం). ఇలాంటిచోట 'బంద్ చేయడం అంటే ఇక్కడ ఏం చేస్తున్నాం? ఆర్పుతున్నామా, మూస్తున్నామా, ఆపుతున్నామా?' అని ఇంకో ప్రశ్న వేసుకోవాలి.

ఇంకో అడ్డదారి, దానిలో గుంతలు

ఇంగ్లిష్‌లో చాలా జంట క్రియలకు బదులుగా వాడే ఒంటి మాట ఒకటి ఉంటుంది. 'గో ఇన్' బదులు 'ఎంటర్', 'గో డౌన్' బదులు 'డిసెండ్', 'గో ఆన్' బదులు 'కంటిన్యూ', 'గివ్ అప్' బదులు 'అబాండన్'. ఈ ఒంటి మాటల్లో చాలా వరకు ఇంగ్లిష్‌లోకి ఫ్రెంచి నుంచి వచ్చినవే. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ దొర విలియం ఇంగ్లండును గెలిచాక కొన్ని తరాల పాటు అక్కడి దర్బారులో ఫ్రెంచి నడిచింది. ఊళ్లలో జనం పాత ఇంగ్లిష్ మాటలే మాట్లాడారు. అందుకే నేటికీ ఇంగ్లిష్‌లో ఇంటి మాట ఒకటి, దర్బారు మాట ఒకటి అని రెండేసి కనిపిస్తాయి. నిజాం కాలంలో మన కచేరీల్లోకి ఉర్దూ, ఫారసీ మాటలు వచ్చి చేరినట్టే. దరఖాస్తు, రసీదు, పట్టా, జిల్లా... అన్నీ ఆ దారిన వచ్చినవే కదా.

కాబట్టి జంట క్రియకు ఒంటి మాట గుర్తొస్తే దాని ఫ్రెంచి చుట్టం దొరికే అవకాశం ఉంది. కానీ చుట్టాలందరూ నమ్మకస్తులు కారు. ఫ్రెంచిలో 'స్యుపోర్తే' అని ఒక మాట ఉంది. చూస్తే ఇంగ్లిష్ 'సపోర్ట్' లాగే ఉంటుంది. కానీ దాన్ని ఎక్కువగా ఓర్చుకోవడం, భరించడం అనే అర్థంలో వాడతారు. అంటే 'పుట్ అప్ విత్'కు సరిపోయే మాట అది. 'అతాఁద్ర్' చూస్తే 'అటెండ్' లాగా ఉంటుంది, కానీ దానర్థం ఎదురుచూడటం. 'దమాఁదే' అంటే డిమాండ్ చేయడం కాదు, మామూలుగా అడగడం. ఇది తెలియని పిల్లవాడు 'మా టీచర్‌ను ఒక డౌట్ అడిగాను' అన్న ఫ్రెంచి వాక్యం చదివి టీచర్‌ను డిమాండ్ చేశారనుకుంటాడు! ఈ దారిలో దొరికిన మాటను ఒకసారి డిక్షనరీలో చూసి ఖాయం చేసుకోవాలి.

జాతీయాలు: బొమ్మ మారుతుంది, భావం మారదు

ఇక జాతీయాల సంగతి. వాన దంచికొడితే ఇంగ్లిష్‌వాళ్లు పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయంటారు. ఫ్రెంచివాళ్లు తాళ్లు కురుస్తున్నాయంటారు. మనం కుండపోత అంటాం. మూడూ మూడు బొమ్మలు, వాన ఒకటే. పిల్లులను ఫ్రెంచిలోకి మోసుకుపోతే అక్కడ ఎవరికీ అర్థం కాదు.

మరికొన్ని చూడండి. పిల్లలతో కలిసి చదివితే ఇంకా బాగుంటుంది.

ఒకే పనితో రెండు లాభాలు. ఇంగ్లిష్‌లో ఒకే రాయితో రెండు పిట్టలను చంపడం. ఫ్రెంచిలో ఒకే రాయితో రెండు దెబ్బలు. మనకు ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఇంగ్లిష్‌లో రాయీ పిట్టలూ ఉన్నాయి, ఫ్రెంచిలో పిట్టలు లేవు, తెలుగులో రాయి లేదు!

పని కాకముందే సంబరం. ఇంగ్లిష్‌లో గుడ్లు పొదగకముందే కోడిపిల్లలను లెక్కపెట్టడం. ఫ్రెంచిలో ఎలుగుబంటిని చంపకముందే దాని తోలు అమ్మడం. మనకు ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఇంగ్లిష్‌లో పారను పార అనడం. ఫ్రెంచిలో పిల్లిని పిల్లి అనడం. మనకు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం.

క్లాసుకు పోకపోవడం. ఇంగ్లిష్‌లో 'బంక్' చేయడం, 'స్కిప్' చేయడం. ఫ్రెంచిలో 'సెషే లె కూర్', అంటే మాటకు మాట చూస్తే క్లాసులను ఆరబెట్టడం. మనకు ఎగ్గొట్టడం, డుమ్మా కొట్టడం. (ఈ మాటను ఏ భాషలో నేర్చుకున్నా ఆచరణలో పెట్టవద్దని మనవి.)

అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది చూడ్డానికి ఒకేలా ఉండి అర్థం ఎదురు తిరిగే జాతీయాలతో. తెలుగులో 'వాడు నాకు చెయ్యిచ్చాడు' అంటే నమ్మించి మోసం చేశాడని. దీన్ని మాటకు మాట ఇంగ్లిష్‌లోకి మార్చి 'హి గేవ్ మి ఎ హ్యాండ్' అంటే 'నాకు సాయం చేశాడు' అని పూర్తిగా తలకిందులవుతుంది. ఫ్రెంచిలో 'కూ ద మేఁ' అన్నదాన్ని విడదీస్తే 'చేతి దెబ్బ' అని వస్తుంది, కానీ అర్థం చేతిసాయం. మన 'చేయి చేసుకోవడం' మాత్రం నిజంగానే దెబ్బ! ఒక్క చేతితోనే మూడు భాషలు ఇన్ని పనులు చేస్తుంటే మాటలను నమ్మి లాభం లేదు, భావాన్నే నమ్మాలి.

పరీక్షలో జాతీయం గుర్తురాకపోతే ఏం చేయాలి? భావాన్ని నేరుగా చెప్పేయాలి. 'తాళ్లు కురుస్తున్నాయి' అన్నది గుర్తురాకపోతే 'ఇల్ ప్ల బోకూ', అంటే 'బాగా వాన పడుతోంది' అని రాస్తే అది చక్కని, సరైన ఫ్రెంచి. పిల్లులూ కుక్కలూ అని రాస్తే తప్పు. జాతీయం అందం తెస్తుంది, కానీ ముందు కావాల్సింది అర్థం.

మన గడ్డ మీద ఇది కొత్త పాఠం కాదు

మాటను కాదు, భావాన్ని మోయాలన్న పాఠం జనగామ పిల్లలకు పక్క ఊళ్లోనే ఉంది. పాలకుర్తి మండలం బమ్మెరకు చెందిన పోతన సంస్కృత భాగవతాన్ని తెలుగులోకి తెచ్చాడు. సంస్కృత శ్లోకాన్ని మాటకు మాట దింపుకుంటూ పోలేదు. తెలుగువాళ్ల చెవికి ఎలా వినిపించాలో అలా, చోటు దొరికిన దగ్గర పెంచి, తెలుగు చేశాడు. ఐదు వందల ఏళ్లు దాటినా ఊళ్లలో ఆ పద్యాలు నోటికి వస్తున్నాయంటే కారణం అదే. అంతకు ముందే, పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు జనం మాట్లాడే జాను తెలుగులో, ద్విపదలో బసవపురాణం రాశాడు. తన మాట తనకు బాగా తెలిసినవాడే పరాయి మాటను సొంతం చేసుకోగలడని ఈ ఇద్దరూ చూపించారు.

ఇంట్లో మీరు చేయగలిగింది

మొదటిది. పిల్లలు ఇంగ్లిష్ పాఠం చదివేటప్పుడు 'ఈ మాటకు అర్థం ఏంది?' అని కాకుండా 'ఈ వాక్యాన్ని మన ఇంట్లో ఎట్లంటం?' అని అడగండి. మొదటి ప్రశ్నకు డిక్షనరీ జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు భావం వస్తుంది. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే పిల్లల ఇంట్లో లంబాడీ మాట్లాడితే లంబాడీలోనే, కోయ మాట్లాడితే కోయలోనే, ఉర్దూ అయితే ఉర్దూలోనే చెప్పించండి. ఏ భాష అన్నది ముఖ్యం కాదు. పిల్లలకు ఆ భాష లోతుగా తెలిసి ఉండటం ముఖ్యం.

రెండోది. మీ పనిలో వాడే మాటలు చెప్పండి. భూపాలపల్లిలో సింగరేణి బాయికి పోయే నాన్న 'డ్యూటీ ఎక్కిన', 'డ్యూటీ దిగిన' అంటారు. రైలు కాదు, బస్సు కాదు, డ్యూటీ ఎక్కడం ఏమిటి? పిల్లలను అడగండి. మాట తన అసలు అర్థం వదిలి ఎంత దూరం పోగలదో ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు.

మూడోది. జంట క్రియలకు విడిగా ఒక నోట్‌బుక్ పెట్టించండి. పేజీలో మూడు వరుసలు: ఇంగ్లిష్ వాక్యం, ఇంటి మాట, ఫ్రెంచి లేదా హిందీ మాట. ఒంటరి మాట రాయకూడదు, పూర్తి వాక్యమే రాయాలి. రోజుకు రెండు చాలు.

నాలుగోది. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ వాడితే ఒక్క మాట కాదు, పూర్తి వాక్యం ఇమ్మనండి. వచ్చిన ఫ్రెంచి వాక్యాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూడమనండి. మొదట అనుకున్న భావమే వస్తే సరే. వేరేది వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. రెండుసార్లూ సరిపోయినా కొత్త మాటను టీచర్‌ను అడిగి ఖాయం చేసుకోవడం మంచిది.

ఐదోది, అన్నింటికంటే ముఖ్యమైనది. 'ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ రాదు' అనే భయం వదిలేయండి. వచ్చీరాని ఇంగ్లిష్‌లో పిల్లలతో నాలుగు ముక్కలు మాట్లాడటం కంటే, మీకు బాగా వచ్చిన భాషలో సామెతలతో, జాతీయాలతో నిండుగా మాట్లాడటమే వాళ్లకు మేలు. మన రాష్ట్రంలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం బోర్డు ఏదైనా బడుల్లో తెలుగు చదవాలి. దాన్ని 'తప్పదు కాబట్టి' చదివే సబ్జెక్టుగా చూడకండి. ఇంగ్లిష్‌కైనా ఫ్రెంచికైనా పునాది అక్కడే పడుతుంది.

మరి ఫ్రెంచి తీసుకోవాలా?

మార్కుల కోసం మాత్రమే అయితే తొందరపడకండి. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న భాష పరీక్ష అయిన నెలకే మర్చిపోతారు. పిల్లకు భాషలంటే ఇష్టం ఉండి, ఇంగ్లిష్ వాక్యాన్ని తన మాటల్లో తెలుగులో చెప్పగలిగితే ఫ్రెంచి తీసుకోవచ్చు. ఆ తర్వాత పైచదువులకూ దారి ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయిన ఇఫ్లూ హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ ఫ్రెంచి చదువుకోవచ్చు. తెలుగూ ఫ్రెంచీ కలవడం కూడా కొత్త కాదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన తెలుగు ఊరు యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉంది.

నిర్ణయానికి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఈ కింది నాలుగు వాక్యాలను మీ అబ్బాయినో అమ్మాయినో ఇంటి మాటలో చెప్పమనండి.

1. 'ది ఫైర్‌మెన్ పుట్ అవుట్ ది ఫైర్.'
2. 'షి గాట్ ఓవర్ హర్ ఫీవర్.'
3. 'మై గ్రాండ్‌మదర్ బ్రాట్ మి అప్.'
4. 'వి ర్యాన్ అవుట్ ఆఫ్ రైస్.'

మంటలు ఆర్పారు, జ్వరం నుంచి కోలుకుంది, మా అమ్మమ్మ నన్ను పెంచింది, బియ్యం అయిపోయాయి. ఇలా తడుముకోకుండా చెప్తే ఫ్రెంచిలో 'ఎతేఁద్ర్', 'స రమెత్ర్', 'ఎల్‌వే' లాంటి మాటలు నేర్చుకోవడం పెద్ద పని కాదు. 'అమ్మమ్మ నన్ను పైకి తెచ్చింది' అంటే కంగారు పడకండి. నవ్వేసి, 'మన ఇంట్లో ఎట్లంటం?' అని ఇంకోసారి అడగండి. జవాబు వాళ్ల నోట్లోనే ఉంటుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు పిల్లల జంట క్రియల నోట్‌బుక్ తీసుకురండి. మధ్య వరుసలో మీ ఇంటి మాటలు చూడాలని మాకు ఎంతో కోరికగా ఉంది.

భాషా విభాగం
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి శాఖలు